పక్షి వాలని జాగా

నిర్మలమ్మ యాభై రెండేళ్లు నిండినా సముద్రాన్ని చూడలేదు. ఏర్పేడు పక్కన ఒక పల్లెలో పుట్టి, ఇంకో పల్లెలో మెట్టి, నాలుగెకరాల మడీ, రెండు ఆవులూ, ఒక్కగానొక్క కూతురూ తప్ప వేరే లోకం ఎరగని మనిషి. తిరుమల కొండెక్కింది, కాణిపాకం పోయింది, ఒకసారి పెళ్లికని నగరి దాటి తిరుత్తణి దాకా పోయింది. సముద్రం దిక్కు మాత్రం ఎన్నడూ పని పడలేదు.

కూతురు రేవతికి అదే పని. ఏర్పేడు దగ్గర పెద్ద చదువుల సంస్థలో చేరి అయిదేళ్లుగా పులికాట్ సరస్సు బురద మీద పరిశోధన చేస్తోంది. బురద మీద పరిశోధన ఏమిటో నిర్మలమ్మకు అర్థం కాదు. చుట్టాలు అడిగితే నవ్వి తప్పించుకునేది. కాళహస్తి కాలేజీలో పాఠాలు చెప్పే ఉద్యోగం వచ్చినా రేవతి వద్దంది. అప్పట్నుంచి ఇంట్లో తల్లీకూతుళ్ల మధ్య మాట సరిగా నడవడం లేదు.

"ఒక్క దినం నా కూడా రా మా. సూసినాక తిట్టు" అంది రేవతి ఒకరోజు.

"బురద సూడాలంటే మన మడిలో లేదా?" అంది నిర్మలమ్మ.

అయినా బయలుదేరింది. బయలుదేరింది కూతురి పని చూడ్డానికి కాదు. దారిలో ఇద్దరే ఉంటారు కాబట్టి, కాలేజీ ఉద్యోగానికి ఎలాగైనా ఒప్పించాలని. ఫిబ్రవరి నెల అమావాస్య నాడు ప్రయాణమేమిటని ఆమె గొణిగితే, అమావాస్యకే నీళ్లు బాగా వెనక్కి పోతాయనీ, అప్పుడే తన పని అవుతుందనీ రేవతి చెప్పింది.

కాళహస్తి మీదుగా నాయుడుపేటకు పోయి, అక్కణ్ణుంచి ఇంకో బస్సు, ఆపైన ఆటో. సరస్సు సముద్రంలో కలిసే మూతి దగ్గర, కొత్తగా పెట్టిన తీర పార్కు గేటు ముందు దిగేసరికి పదయింది. లోపల మడచెట్ల మధ్యగా చెక్కలతో వేసిన నడకదారి, దాని చివర పక్షుల్ని చూడ్డానికి ఒక మంచె. ఆ పొద్దు జనం లేరు. గేటు కాడ ఉన్న మునివెంకటప్ప అనే పెద్దాయన రేవతిని గుర్తుపట్టి చెయ్యెత్తాడు.

"పన్నెండు లోపల గట్టుకొచ్చేయండి మేడమ్. ఈ పొద్దు పోటు గట్టిగా ఉంటాది. నేను అన్నానికి పోయి ఒంటిగంటకు వస్తా" అన్నాడు.

మంచె దగ్గర మెట్లు దిగితే అవతలంతా నీళ్లు తీసిన నేల. ఎంత దూరం చూసినా నున్నగా, తడిగా, అద్దంలా మెరుస్తోంది. దూరంగా సన్నటి తెల్లగీత కనిపించింది. అది సముద్రమని రేవతి చెప్పింది. నిర్మలమ్మ చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు చూసి, "ఇంతేనా?" అంది. రేవతి పకపకా నవ్వింది. ఆ నవ్వు విని ఎన్నాళ్లయిందో!

ఇద్దరూ చెప్పులు చేతబట్టుకుని లోపలికి నడిచారు. ఒక చెయ్యి మాత్రం ఎర్రగా పెద్దదిగా ఉన్న బుల్లి ఎండ్రకాయలు అడుగు చప్పుడుకే బొక్కల్లోకి దూరుతున్నాయి. కళ్లు నెత్తిన పెట్టుకున్న వేలెడు చేపలు నీళ్లు లేకుండానే బురద మీద గెంతుతున్నాయి. కొంగలూ, ఉల్లంకులూ, దూరంగా పొడుగుకాళ్ల ఫ్లెమింగోలూ తలలు వంచుకుని మేస్తున్నాయి. వలలు కట్టడానికి జాలరులు పాతిన కట్టెలు అక్కడక్కడా నిలబడి, గుర్తుకోసం కట్టిన పాతగుడ్డలతో ఎండలో వేలాడుతున్నాయి.

మంచెకు మైలు దూరం దాటాక రేవతి ఆగింది. నిలువెత్తు ప్లాస్టిక్ పైపును నేలలోకి దించి, పైకి లాగి, లోపలున్న బురదను పట్టా మీదికి జాగ్రత్తగా తోసింది. చెరకుగడలా వచ్చిందది. అడుగున ఇసుక, ఆపైన నల్లమన్ను, మధ్యలో జానెడు మందాన తెల్లటి గవ్వలు.

"ఈ గవ్వల వరస సూడు మా. కొన్ని వేల ఏండ్ల కిందటివి. అప్పుడు సముద్రం ఇంకా లోపలికి ఉండె. అంతకంటే ముందు, మనిషే పుట్టనప్పుడు, ఇంకో సముద్రం మన కొండల కాడ ఉండె. మనం గుడ్డలుతికే బండ మీద వరసగా గీతలుండ్లా? అవి అలలు గీసినవే."

నిర్మలమ్మ ముప్పై ఏళ్లుగా ఆ బండ మీద గుడ్డలు బాదుతోంది. సముద్రం ఎన్నడూ చూడలేదని పొద్దున కూడా అనుకుంది. ఆమె ఆ గవ్వల వైపూ, బురద అంటిన కూతురి మొహం వైపూ మార్చిమార్చి చూసింది. ఆ పిల్ల మొహంలో అంత వెలుగు పదో తరగతి తర్వాత చూసిన గుర్తు లేదు. ఉద్యోగం మాట ఎత్తబుద్ధి కాలేదు. సాయంత్రం బస్సులో చూసుకుందాంలే అనుకుంది.

"ఇంగొక్కటి తీస్తే అయిపోతాది. నువ్వీడనే ఉండు" అని రేవతి పైపు పట్టుకుని మూతి వైపు ఇరవై అడుగులు పోయింది.

పోయిన నెల తుపానుకు ఆ మూతి పక్కకు తిరిగింది. ఎప్పుడూ గట్టి ఇసుక ఉండే చోట కొత్త ఒండ్రు వచ్చి పడింది. పైన చూస్తే ఏమీ తెలియదు. అయిదేళ్లు తొక్కిన నేల కదా అని రేవతి పైపు ఆనించింది. అది చేతి బరువుకే సర్రున సగం దాకా దిగిపోయింది. "అరె" అనేలోగా ఆమె కుడికాలు మోకాటిదాకా దిగింది. దాన్ని లాగబోతే ఎడమకాలు తొడదాకా పోయింది. పెనుగులాడింది. నడుము లోతుకు పోయాక గానీ ఆగలేదు.

నిర్మలమ్మ పరుగెత్తింది.

"రావద్దు మా! రావద్దు! నువ్వుగూడా దిగిపోతావు!"

ఆ కేకకు నిలబడి, వెంటనే బోర్లా పడుకుని, పొట్ట మీద పాకుతూ పోయింది. కూతురి చున్నీ అందుకుంది. లాగింది. తన కొంగు విప్పి రేవతి చంకల కింద వేసి లాగింది. రేవతి గట్టిగా అరిచింది. కాలు మోకాటి దగ్గర ఊడొస్తున్నట్టుందట. అడుసు అంగుళం కూడా వదల్లేదు. అరగంట గుంజులాడేసరికి ఇద్దరికీ ఆయాసం తప్ప ఏమీ మిగల్లేదు. ఫోను తీస్తే సిగ్నల్ లేదు.

అప్పుడు ఎండ్రకాయ బొక్కల్లోంచి నీళ్లు ఊరడం నిర్మలమ్మ చూసింది. ముందు సన్నగా, తర్వాత ఒకదానికొకటి కలుస్తూ.

"పోటు మొదలైంది" అంది రేవతి. లెక్క చెప్పినట్టు చెప్పింది. "ఇంగ రెండు గంటల్లో గొంతు కాడికి వస్తాది. మా, నువ్వు పో. ఫోను తీసుకుని పో. మన అడుగుల మీదనే అడుగులేసుకుంటా మంచె కాడికి పో. సిగ్నల్ వస్తే 108కి చెయ్యి. మనుషులుంటే తోడుకుని రా."

"నిన్నిడిసిపెట్టి యాడికి పోయేది?"

"పోకుంటే ఇద్దరం పోతాం. పో మా!"

చున్నీని పైపు కొనకు కట్టి, గుర్తుగా పక్కన నిలబెట్టుకుంది రేవతి. నిర్మలమ్మ కూతురి తల నిమిరింది. చేతి బురద జుట్టుకంటింది. లేచి నడిచింది.

నలభై యాభై అడుగులు పోయిందో లేదో వెనక నుంచి వినబడింది.

"అమ్మా!"

ఆమె తిరగలేదు. తిరిగి ఆ మొహం చూస్తే ఇక కాళ్లు కదలవని ఆమెకు తెలుసు. పళ్లు బిగించి వేగం పెంచింది.

"అమ్మా... పోవద్దు మా!"

రెండోసారి అంత దూరం నుంచీ స్పష్టంగా వినబడింది. నిర్మలమ్మ రెండు చేతుల్తో చెవులు మూసుకుంది. ఏడుకొండలవాడికి ఏవేవో మొక్కుకుంటూ, ఏడుస్తూ, మంచె వైపు పోయింది.

వాళ్ల అడుగుల గుర్తులు అప్పటికే నీళ్లలో కరిగిపోతున్నాయి. రెండుచోట్ల పిక్కల లోతు దిగింది. పాకి బయటపడింది. మంచె చేరేసరికి చీర పూర్తిగా బురదైంది. మెట్లెక్కి పైకి పోతే ఫోనులో రెండు గీతలు కనిపించాయి. 108కి చేసింది.

"ఎక్కడమ్మా?" అని అడిగిందొక ఆడగొంతు, ఓపిగ్గా.

"బురదలో, తల్లీ. నా బిడ్డ బురదలో ఉండాది."

"ఏ ఊరు? ఏ మండలం?"

ఆటో ఎక్కిన ఊరు గుర్తులేదు. దిగిన ఊరి పేరు అడగనే లేదు. "పార్కు... మడచెట్లుండే పార్కు... మంచె..." అంటూనే ఉంది. అటువైపామె పార్కు అన్నమాట పట్టుకుని, బండి పంపిస్తున్నామనీ, గేటు దగ్గరికి మనిషిని నిలబెట్టమనీ చెప్పింది. నిలబెట్టడానికి మనిషి ఎవరు? గేటు దగ్గరికి పరుగెత్తితే మునివెంకటప్ప కుర్చీ ఖాళీగా ఉంది. "ఎవురన్నా ఉండారా!" అని అరిచింది. మడచెట్లలోంచి కాకులు లేచాయి.

చెక్కల దారి వెంబడి వెనక్కి వస్తూ అరిచింది. అరిచి అరిచి గొంతు బొంగురుపోయాక, మడచెట్ల మధ్య కాలవ వైపు నుంచి బదులొచ్చింది.

"ఎవురమ్మా అది?"

థర్మాకోల్ తెప్ప మీద కూర్చుని, గడకర్రతో తోసుకుంటూ ఒక ఆడమనిషి వచ్చింది. ముప్పై అయిదేళ్లుంటాయి. తెప్ప మీద సత్తు దబర నిండా ఎండ్రకాయలు. పేరు అమల, పక్కనున్న జాలరుల కుప్పంలో ఉంటుంది. నిర్మలమ్మ చెప్పింది సగమే వింది. దబరలోని ఎండ్రకాయలన్నీ నీళ్లలోకి గుమ్మరించి, "ఎక్కక్కా" అంది.

కాలవ దాటి తెప్ప బయటికి రాగానే నిర్మలమ్మ తెప్ప అంచు గట్టిగా పట్టుకుంది. నేల లేదు. పొద్దున నడిచిన బయలంతా ఒకటే నీటి పరుపు. ఎటు చూసినా మెరుపు. వలకట్టెలు ఇరవై, ముప్పై నిలబడి ఉన్నాయి, ప్రతిదానికీ ఒక గుడ్డపీలిక. చున్నీ బురదలో నాని, ఎండకు ఎండి, వాటిలో ఒకటైపోయింది.

"యాడ వదిలినావక్కా?" అనడిగింది అమల.

ఆ మాట నిర్మలమ్మకు చెళ్లున తగిలింది. "అదో, అద్దో" అని ఒక కట్టెను చూపింది. అమల ప్రాణం పెట్టి తోసింది. దగ్గరికి పోతే వలకట్టే. ఇంకోటి చూపింది. అదీ కట్టే. మూడోదీ కట్టే. "రేవతీ! పాపా!" అని పిలిచింది. బొంగురు గొంతు గాలికి నిలవలేదు. ఎటువైపు నుంచీ పలుకు లేదు. ఒంటిగంట దాటింది. తొమ్మిది నెలలు మోసిన బిడ్డ పొద్దున పక్కనే ఉంది, ఇప్పుడు ఆ బిడ్డ ఎక్కడుందో తాను చూపలేదు. ఇంతకంటే తల్లికి నరకం ఇంకేం కావాలి? ఆమె తెప్ప మీదే కుప్పగూలి తల బాదుకుంది.

"ఏడవబాక. లే. నన్ను సూడనీ" అంది అమల.

గడకర్ర ఆనించి లేచి నిలబడి, చెయ్యి అడ్డం పెట్టుకుని నీళ్ల మీదికి చూసింది. పోటు నీళ్లతోపాటే పక్షులు మేతకు ముందుకొస్తాయి. బయలంతా చల్లినట్టు పరుచుకున్నాయి. ఆమె ఎడమనుంచి కుడికి నిదానంగా చూసి, ఒకచోట ఆగింది.

"అక్కా, అట్టా సూడు. అంతటా వాలినాయి. ఆడ ఒక్క జాగాలో వాల్లా. మనిషుంటేనే అట్టా ఎడంగా ఉంటాయి."

తెప్ప అటు తిరిగింది. నూరు గజాలు పోయాక నీటి మీద నల్లగా తల కనిపించింది. గడ్డం పైకెత్తి, కళ్లు ఆకాశం మీద పెట్టి ఉంది రేవతి. నీళ్లు మెడ దాటుతున్నాయి. పెదాలు నీలం తిరిగాయి. పైపును మాత్రం రెండు చేతుల్తో కరుచుకునే ఉంది.

"పాపా! నేను మే! వచ్చినాను!"

రేవతి కళ్లు తిప్పి తల్లిని చూసింది. పోల్చుకోలేదు. అమల వైపు తిరిగి, చిన్నపిల్ల ఫిర్యాదు చేస్తున్నట్టు, మెల్లగా అంది. "మాయమ్మ నన్నిడిసిపెట్టి పోయింది. ఎంత పిలిచినా తిరిగి సూడలా."

నిర్మలమ్మకు ఏడవడానికి కూడా వ్యవధి లేదు. అమల తెప్ప మీద బోర్లా పడుకుని రేవతి చంకల్లో చేతులు వేసి లాగబోయింది. "లాగొద్దు!" అని అరిచింది నిర్మలమ్మ. ఒకప్పుడు వాళ్లకున్న పాడి ఎనుము చెరువు ఒండ్రులో దిగబడితే, పదిమంది తాడేసి లాగి దాని కాలు విరిచారు. చివరికి మామగారు వచ్చి అందర్నీ తిట్టి, కాళ్ల వెంబడి గడకర్ర దించి నీళ్లు పోయించాడు. నీళ్లు అడుగుకు చేరాకే అడుసు పట్టు వదిలింది. పొద్దున కంగారులో ఆమెకిది తట్టనే లేదు.

"ఆ పైపియ్యి పాపా" అంటే రేవతి వదల్లేదు. వేళ్లు ఒక్కొక్కటే విప్పి తీసుకోవాల్సొచ్చింది. తెప్ప అంచున పడుకుని పైపును కూతురి తొడ వెంబడి కిందికి గుచ్చింది. అమల దబరతో పైకొన నుంచి పైపులోకి నీళ్లు పోసింది. పైపు కొన మన్నుతో పూడితే, లాగి, విదిలించి, మళ్లీ గుచ్చి, మళ్లీ పోశారు. పదిసార్లు, ఇరవైసార్లు. నీళ్లు రేవతి గడ్డానికి వచ్చాయి. అమల ఒక చేత్తో ఆ తల ఎత్తి పట్టుకుని, రెండో చేత్తో పోసింది. అల వచ్చి నోట్లోకి పోతే రేవతి దగ్గింది. ఉన్నట్టుండి బుడబుడమని కింద్నుంచి బుడగలు లేచాయి.

"కాలాడించు పాపా. మడమ ఆడించు. ఆడించు మే, నీ కాళ్లకు మొక్కుతా!"

కుడికాలు వదిలింది. ఎడమది ఇంకా లోతుగా ఉంది. దానికి మళ్లీ మొదట్నుంచీ. నీళ్లు ముక్కు దాకా వచ్చి, రేవతి రెండుసార్లు పూర్తిగా మునిగి తేలాక, చెప్పరాని చప్పుడొకటి చేసి అడుసు ఆ కాలును కూడా వదిలేసింది. ఇద్దరూ ఆమెను తెప్ప మీదికి దొర్లించారు. ఎడమకాలు మోకాటి కింద నల్లగా, కదలకుండా పడి ఉంది.

గట్టు మీది నుంచి మునివెంకటప్ప, ఆంబులెన్సు వాళ్లు స్ట్రెచర్ పట్టుకుని మంచె కింద నడుము లోతు నీళ్లలోకి దిగి ఎదురొచ్చారు. అమల రేవతిని అప్పగించి, నిర్మలమ్మ ఏదో చెప్పబోతే, "ముందు బిడ్డను సూసుకో అక్కా" అని వెనక్కి తిరిగింది.

నాయుడుపేటలో ఒకరోజు, తిరుపతి పెద్దాసుపత్రిలో పన్నెండు రోజులు. అంతసేపు నలిగి ఎడమకాలి నరాలు దెబ్బతిన్నాయనీ, నడక వస్తుందిగానీ వేళ్లకు స్పర్శ వచ్చేదీ రానిదీ చెప్పలేమనీ అన్నారు డాక్టర్లు. తండ్రి మునస్వామి ఆవుల్ని పక్కింటికి అప్పజెప్పి ఆసుపత్రి వరండాలోనే ఉన్నాడు. ఇంటికొచ్చాక చూడ్డానికి వచ్చిన వాళ్లందరికీ రేవతే కథ చెప్పేది.

"నేను మాయమ్మను పో పో అన్నా. ఒక్క మాట ఎదురు చెప్పకుండా బాణం మాదిరి పోయింది. ఇంగొకరైతే ఆడనే కూర్చుని ఏడ్చుంటారు."

వచ్చినవాళ్లు నిర్మలమ్మను మెచ్చుకునేవాళ్లు. ఆమె వంటింట్లోకి పోయేది.

చైత్రం పోయి ఎండలు ముదిరాయి. రేవతి కర్ర ఊతంతో నడుస్తూ, పక్కబల్ల మీద కంప్యూటర్ పెట్టుకుని తన పరిశోధన రాసుకోవడం మొదలుపెట్టింది. ఒక మధ్యాహ్నం నిర్మలమ్మ పక్కన కూర్చుంది.

"పాపా. ఆ పొద్దు నువ్వు పిలిచినావు. రెండుసార్లు. పోవద్దు మా అన్నావు. నాకు ఇనబడింది. ఇని గూడా నేను తిరగలా."

రేవతి కంప్యూటర్ మీంచి తలెత్తి ఆశ్చర్యంగా చూసింది.

"నేను పిలవలేదే? పో పో అన్నానంతే. నీళ్లు రొమ్ముల కాడికి వచ్చినాక ఏమీ గుర్తులేదు. ఆ కంగార్లో నీకట్ల అనిపించి ఉంటాదిలే మా."

"కాదు పాపా, పిలిచినావు."

"పిలిస్తే మాత్రం ఏమి? నువ్వు పోబట్టే కదా నేను బతికినా" అని నవ్వి, మళ్లీ రాతలో పడింది రేవతి.

తప్పు ఒప్పుకుందామని రెండు నెలలు కూడగట్టుకున్న ధైర్యం. మన్నించాల్సిన మనిషికి ఆ మాటే గుర్తులేకపోతే ఇక ఎవరి దగ్గరికి పోవాలో నిర్మలమ్మకు తెలియలేదు. లేచి పోయి పొయ్యి మీద నీళ్లు కాచి తెచ్చింది. డాక్టరు చెప్పినట్టు కూతురి ఎడమకాలిని ఒళ్లో పెట్టుకుని, తడిగుడ్డ పిండి, ఒక్కో వేలినీ ఒత్తసాగింది.

"ఇది తెలస్తాండాదా?"

"లేదు మా."

"ఇదీ?"

"ఊహూఁ."

ఆమె తర్వాతి వేలు పట్టుకుంది.